మన పొగమంచు – ఒలింపిక్స్ మంచు

2022 ఫిబ్రవరిలో బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్‌ను టీవీ వార్తల్లో చూస్తుంటే, మా చిన్న తరగతుల తమ్ముడొకడు “అన్నా, మంచు మనకీ పడుతుందిగా, మనవాళ్లు ఆడరేం?” అన్నాడు. నవ్వేశాం గాని వెంటనే జవాబు తోచలేదు.

తెనాలి, బాపట్ల, రేపల్లె వైపు వరికోతలయ్యాక కూడా నేలలో తడి ఉంటుంది, చుట్టూ కాలవలు. మబ్బూ గాలీ లేని రాత్రి నేల త్వరగా చల్లబడుతుంది. దాన్ని ఆనుకున్న గాలిలోని ఆవిరి సన్నని నీటిబిందువులవుతుంది. అదే మన పొగమంచు. రేపల్లె బండి కూత వినిపిస్తుంది, బండి కనిపించదు. ఆ పొద్దున తొట్టినీళ్లు ఐసులా, బోరింగు నీళ్లు గోరువెచ్చగా ఉంటాయి. భూమి లోపలికి రాత్రి చలి దిగదు కదా! అందుకే అక్కడ బకెట్ల వరుస, తోపులాట.

నీరు గడ్డకట్టాలంటే చలి 0 డిగ్రీలకు దిగాలి. మనకు అంత చలి రాదు. బీజింగ్‌లో చలి ఉన్నా కురిసే మంచు చాలదు. అందుకని యంత్రాలతో నీటిని తుంపరగా చిమ్మారు. అది గాలిలోనే గడ్డకట్టి రాలింది. కురిసే మంచు మీద ఆడాల్సిన ఆటలు జరిగింది దాదాపు అంతా ఆ మంచు మీదే. తుంపర మనకూ ఉంది, లేనిది ఆ చలి. ఆ ఏడు మన దేశం నుంచి పోటీపడింది ఆరిఫ్ ఖాన్ ఒక్కరే. ఆయనది మంచు కురిసే కాశ్మీరు.

ఇదంతా విన్న తమ్ముడు “అయితే సరే” అని బకెట్ తీసుకుని బోరింగు దగ్గరకు పరుగెత్తాడు.