మదర్‌బోర్డు ఎంపికలో ముందుచూపు

శ్రీ సత్యసాయి జిల్లాలోని హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పట్టణాలు మూడింటికీ పట్టుతో అనుబంధం ఉన్నది. హిందూపురంలో పట్టుగూళ్ల విపణి ఉన్నది. ధర్మవరం పట్టుచీర పేరు తెలియని తెలుగు ఇల్లు ఉండదు. 1565లో తళ్ళికోట యుద్ధం తరువాత విజయనగర ప్రభువులకు రాజధానిగా నిలిచిన పెనుకొండ పరిసరాలలో 2019 నుండి కార్లు తయారవుతున్నాయి. లేపాక్షి వీరభద్రాలయం పైకప్పు చిత్రాలలో స్త్రీమూర్తులు ధరించిన చీరల అంచులు ఈనాటి చేనేత కళాకారులకు కూడా స్ఫూర్తినిస్తున్నాయి. ఆ అంచులను, బుటాలను నేడు కంప్యూటర్ తెరపై చిత్రిస్తున్నారు. అందువలన కంప్యూటర్‌ను ఎంచుకోవడం కూడా చేనేతకు సంబంధించిన విషయమే అయినది.

మగ్గానికీ కంప్యూటర్‌కూ ఉన్న చుట్టరికం కొత్తది కాదు. ఫ్రాన్సు దేశంలోని లియాన్ నగరానికి చెందిన జోసెఫ్ మరీ జకార్డ్ 1804లో రంధ్రాలున్న అట్టలతో నడిచే మగ్గపు పరికరాన్ని రూపొందించాడు. రంధ్రం ఉన్నచోట పడుగు దారం పైకి లేస్తుంది, లేనిచోట లేవదు. ఈ విధంగా అట్టల వరుస చీర నమూనా మొత్తాన్ని గుర్తుంచుకొంటుంది. 1830 దశకంలో చార్లెస్ బాబేజ్ తన గణన యంత్రానికి ఆదేశాలనివ్వడానికి ఇటువంటి అట్టలనే ఉపయోగించాలని తలచాడు. అట్టలలో దాగిన ఆ జ్ఞాపకమే ఈనాడు కంప్యూటర్‌లో మరొక రూపంలో ఉన్నది.

కంప్యూటర్‌లో జ్ఞాపకం రెండు విధాలు. హార్డ్‌డిస్క్ వంటివి సమాచారాన్ని శాశ్వతంగా దాచి ఉంచుతాయి. ర్యామ్ అనేది ప్రస్తుతం జరుగుతున్న పనికి కావలసిన సమాచారాన్ని మాత్రమే అందుబాటులో ఉంచుతుంది. విద్యుత్తు ఆగిపోతే దానిలోనిది చెరిగిపోతుంది. బీరువాలో భద్రపరచిన పట్టు హార్డ్‌డిస్క్ వంటిదైతే, మగ్గం చెంత చేతికందేలా పెట్టుకొన్న కండెలు ర్యామ్ వంటివి. చెంత చోటు చాలకపోతే నేతకారుడు మాటిమాటికీ బీరువా వద్దకు వెళ్ళవలసి వస్తుంది. ర్యామ్ చాలని కంప్యూటర్ కూడా అట్లే డిస్క్‌ను ఆశ్రయించి మందగిస్తుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. 45 అంగుళాల వెడల్పు, 36 అంగుళాల పొడవు గల కొంగు చిత్రాన్ని అంగుళానికి 300 బిందువుల చొప్పున కంప్యూటర్‌లోకి ఎక్కించారనుకొందాం. మొత్తం బిందువులు 14 కోట్ల 58 లక్షలు. ఒక్కొక్క బిందువు రంగుకు 3 బైట్ల చొప్పున 43 కోట్ల 74 లక్షల బైట్లు అవసరమవుతాయి. అంచు, బుటా, నేల మొదలైనవాటిని అయిదు పొరలుగా విడదీసి, ప్రతి పొరనూ నిండు పరిమాణంలో ఉంచితే, ఆ ఒక్క చిత్రానికే 2 జీబీకి పైగా కావలసి వస్తుంది. ఆపరేటింగ్ సిస్టమ్‌కు, ఇతర ప్రోగ్రాములకు కావలసినది దీనికి అదనం. నేడు సరిపోయిన ర్యామ్ రేపటి పనికి చాలకపోవడానికి కారణం ఇదే.

ర్యామ్‌ను అమర్చే స్థానాలను స్లాట్‌లు అంటారు. అవి మదర్‌బోర్డుపై ఉంటాయి. తక్కువ వెల బోర్డులలో సాధారణంగా రెండు, పెద్ద బోర్డులలో నాలుగు స్లాట్‌లు ఉంటాయి. రెండు స్లాట్‌ల బోర్డులో 8 జీబీవి రెండు అమర్చి 16 జీబీతో పని ప్రారంభించిన వ్యక్తి, తరువాత 32 జీబీ కావాలనుకొంటే ఆ రెండింటినీ తీసివేసి 16 జీబీవి రెండు కొనాలి. నాలుగు స్లాట్‌లున్నవాడు ఖాళీ స్థానాలలో మరి రెండు 8 జీబీవి చేర్చుకొంటే చాలు. పాతవి వృథా కావు. కొద్దిపాటి పెట్టుబడితో నమూనాలు గీసే వృత్తిని చేపట్టిన కుటుంబానికి ఈ తేడా చిన్నది కాదు.

అయితే స్లాట్‌ల సంఖ్య ఒక్కటే చూడటం పొరపాటు. బోర్డు, ప్రాసెసర్ గరిష్ఠంగా ఎన్ని జీబీలను స్వీకరిస్తాయో వాటి వివరపత్రంలో చూడాలి. ర్యామ్ రకం కూడా ముఖ్యమే. 2014లో విపణిలోకి వచ్చిన డీడీఆర్4, 2020లో ప్రమాణాలు వెలువడిన డీడీఆర్5 రెండింటికీ 288 పిన్నులే ఉన్నా, వాటి గాడి స్థానాలు వేరు. ఒకదాని స్లాట్‌లో మరొకటి ఇమడదు. 32 బిట్ల వ్యవస్థలో చిరునామాల సంఖ్యను బట్టి సాధారణంగా 4 జీబీకి మించిన ర్యామ్ ఉపయోగపడదు. కనుక 64 బిట్ల వ్యవస్థ ఉండాలి.

సాధారణ బోర్డులలో ర్యామ్‌కు రెండు మార్గాలుంటాయి. ఒకే రకమైన రెండింటిని బోర్డు పుస్తకంలో సూచించిన స్లాట్‌లలో జతగా అమరిస్తే రెండు మార్గాలూ పనిచేసి వేగం పెరుగుతుంది. నాలుగు స్లాట్‌లూ నిండినప్పుడు, ముఖ్యంగా డీడీఆర్5లో, వేగం కొంత తగ్గవచ్చు. వేరువేరు రకాలను కలిపితే కొన్నిసార్లు అవి పొసగవు. ఈ కారణాల వలన రెండు స్లాట్‌ల బోర్డు కొనేవారిలో కొందరు మొదట 16 జీబీది ఒకటే అమర్చి, రెండవ స్లాట్‌ను తరువాతి కోసం ఖాళీగా ఉంచుతారు. అప్పటివరకు వేగంలో కొంత నష్టం ఉన్నా, పాత ర్యామ్‌ను పారవేయవలసిన అవసరం రాదు.

అందరికీ నాలుగు స్లాట్‌లు అవసరమని దీని అర్థం కాదు. ఉత్తరాలు, లెక్కలు వ్రాసుకొనే హిందూపురం వర్తకునికి రెండు స్లాట్‌లే ఎక్కువ. మంచమున్నంతవరకే కాళ్ళు చాపుకోవాలని పెద్దలు చెప్పిన మాట ఇక్కడ వర్తిస్తుంది. చిత్రాలతో, వీడియోలతో పనిచేసే ధర్మవరం కళాకారుని విషయంలో మాత్రం, ఇల్లు కాలిన తరువాత బావి త్రవ్వడం ఎటువంటిదో, పని నిలిచిపోయిన తరువాత స్లాట్‌ల కోసం వెదకడం అటువంటిది. ర్యామ్‌ను తరువాతనైనా కొనవచ్చును గాని, బోర్డుపై లేని స్లాట్‌ను ఎవరూ చేర్చలేరు. కాబట్టి కొనేవారు తమ నేటి పనిని, రానున్న నాలుగైదేళ్ళ పనిని రెండింటినీ తూచి చూచి, ఆపైన వెల సంగతి ఆలోచించడం వివేకం.