కుండీ మట్టిలో కరెంటు లెక్క

కడియం, కడియపులంక నర్సరీల్లో కుండీకి నీళ్లు పోయాలో వద్దో మట్టిని వేలితో నొక్కి చూస్తే తెలిసిపోతుంది. అదే పనిని రెండు మేకులు, ఒక ట్రాన్సిస్టర్, ఒక ఎల్‌ఈడీతో చేయించడం ఎలక్ట్రానిక్స్ నేర్చుకునే పిల్లలకు చక్కని తొలి ప్రయోగం. దానికి ముందు ట్రాన్సిస్టర్ గెయిన్ కొలవాలి.

తడి మట్టిలోంచి వచ్చే కరెంటు చాలా కొద్ది. ఎల్‌ఈడీని సరిగా వెలిగించలేదు. దాన్ని ట్రాన్సిస్టర్ బేస్ కాలికి అందిస్తే, కలెక్టర్ నుంచి ఎమిటర్‌కు ఎన్నో రెట్ల కరెంటు పారుతుంది. డెల్టా కాలువల మీద తూము తలుపు తిప్పడం లాంటిదే ఇది. తిప్పే బలం చేతిది, పారే నీరు కాలువది. ఇక్కడ కరెంటు ఇచ్చేది బ్యాటరీ. ఎన్ని రెట్లు పారిందన్నదే గెయిన్. పుస్తకాల్లో దాన్ని బీటా అంటారు, మల్టీమీటర్ మీద హెచ్‌ఎఫ్‌ఈ అని ఉంటుంది.

గెయిన్ కొలవడానికి బీసీ547 ట్రాన్సిస్టర్, 9 వోల్టుల బ్యాటరీ తీసుకుందాం. బేస్‌కు 1 మెగాఓమ్, కలెక్టర్‌కు 1 కిలోఓమ్ రెసిస్టర్ పెట్టాలి. బేస్, ఎమిటర్ల మధ్య సుమారు 0.7 వోల్టులు పోగా మిగిలిన 8.3 వోల్టులు బేస్ రెసిస్టర్ మీద పడతాయి, అంటే బేస్ కరెంటు 8.3 మైక్రోఆంపియర్లు. కలెక్టర్ రెసిస్టర్ మీద 2.4 వోల్టులు కనిపిస్తే అక్కడి కరెంటు 2.4 మిల్లీఆంపియర్లు. భాగిస్తే గెయిన్ దాదాపు 290.

కొత్తవాళ్లు తడబడేది ఇక్కడే. బేస్ రెసిస్టర్‌ను 100 కిలోఓమ్‌లకు తగ్గిస్తే బేస్ కరెంటు పదింతలవుతుంది, కలెక్టర్ కరెంటు మాత్రం 9 మిల్లీఆంపియర్లు దాటలేదు. బ్యాటరీ, రెసిస్టర్ కలిసి గీసిన హద్దు అది. అప్పుడు లెక్కలో వచ్చే 108 గెయిన్ కాదు. ట్రాన్సిస్టర్ సంతృప్త స్థితికి చేరిందనడానికి గుర్తు.

పోనీ, 290 అయినా స్థిరమా? కాదు. తయారీదారుల పట్టికల్లోనే బీసీ547 గెయిన్ 110 నుంచి 800 దాకా ఉంటుంది. వేళ్లతో పట్టుకుని వేడి చేసినా పెరుగుతుంది. అందుకే తెలివైన డిజైన్ కొలిచిన అంకెను నమ్ముకోదు, కనిష్ఠాన్ని పట్టుకుంటుంది. ఎల్‌ఈడీకి 7 మిల్లీఆంపియర్లు కావాలంటే 110 గెయిన్ లెక్కన బేస్‌కు సుమారు 64 మైక్రోఆంపియర్లు చాలు. మేకులకు వరుసలో 10 కిలోఓమ్ రెసిస్టర్ పెట్టి, మేకుల మధ్య మట్టి నిరోధం 50 కిలోఓమ్‌లనుకున్నా అంతకు రెట్టింపు దొరుకుతుంది.

ఒక జాగ్రత్త. ఎప్పుడూ కరెంటు పారుతుంటే విద్యుద్విశ్లేషణ వల్ల ప్లస్ వైపు మేకు అరిగిపోతుంది. బ్యాటరీ తీగలో ఒక బటన్ పెట్టి, చూసే క్షణంలోనే నొక్కాలి.