చరిత్ర చదివితే ఏం లాభం?

"ఎప్పుడో చచ్చిపోయిన రాజుల పేర్లూ, వాళ్ళు యుద్ధాలు చేసిన తేదీలూ మాకెందుకండీ?" అని అడిగే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. లెక్కలు వస్తే అంగట్లో మోసపోకుండా ఉండవచ్చు. సైన్సు చదివితే దీపం ఎలా వెలుగుతుందో తెలుస్తుంది. మరి చరిత్ర వల్ల ఏమిటి లాభం?

ఈ ప్రశ్నకు జవాబు చెప్పగల చింతచెట్టు ఒకటి హైదరాబాదులో ఉన్నది. మూసీనది ఒడ్డున, ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉన్నది ఆ చెట్టు.

1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీ పొంగి నగరం మీద పడింది. ఆ రోజు సుమారు 150 మంది ఈ చెట్టెక్కి, కొమ్మలను కరుచుకుని ప్రాణాలు దక్కించుకున్నారని చెబుతారు. ఊళ్ళో అందరికీ అలాంటి ఆధారం దొరకలేదు. వేలాది ఇళ్ళు కూలిపోయాయి. దాదాపు 15,000 మంది చనిపోయారని అంచనా.

ఏడాదిలో చాలా నెలలు సన్నగా పారే నది ఇంత పని ఎలా చేసింది? నగరానికి ఎగువన ఎన్నో చెరువులుండేవి. కుంభవృష్టికి ఒక చెరువు కట్ట తెగితే, ఆ నీళ్ళు వెళ్ళి దిగువ చెరువు మీద పడ్డాయి. దాని కట్టా తెగింది. ఈ విధంగా చెరువు మీద చెరువు తెగి, ఆ నీరంతా వాననీటితో కలిసి నదిలోకి వచ్చిపడింది.

మరుసటి ఏడు నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించింది. ఆయన గొప్ప ఇంజనీరు. అయినా, వచ్చీ రాగానే గోడ కట్టించెయ్యలేదు. ముందు జరిగినదేమిటో తెలుసుకున్నారు. వాన ఎంత కురిసింది? ఏయే చెరువులు తెగాయి? నీరు ఏ దారిన వచ్చింది? చూశారా, ఇవన్నీ చరిత్ర ప్రశ్నలే! వాటి జవాబులను బట్టి, నగరానికి ఎగువనే వరదను పట్టి ఆపాలని ఆయన సలహా చెప్పారు. ఆ ప్రకారం మూసీ మీద ఉస్మాన్ సాగర్ 1920లోనూ, ఈసీనది మీద హిమాయత్ సాగర్ 1927లోనూ పూర్తి అయినాయి. వరదను ఆపటానికి కట్టిన ఆ జలాశయాలు నగరానికి తాగే నీళ్ళు కూడా ఇచ్చాయి.

సరే, తెలుసుకున్నదాన్ని మరిచిపోతే ఏమవుతుంది? అదీ జరిగింది. నగరం పెరిగినకొద్దీ కొన్ని చెరువులు పూడ్చి ఇళ్ళు కట్టారు. వాననీరు పోయే నాలాలను ఇరుకు చేశారు. 2000 ఆగస్టులోనూ, 2020 అక్టోబరులోనూ పెద్ద వానలు కురిసినప్పుడు నీళ్ళు ఎన్నో ఇళ్ళలోకి వచ్చాయి. తమ ఇంటికింద ఒకప్పుడు చెరువు ఉండేదని అందులో ఎంతమందికి తెలుసో! "నీరు పల్లమెరుగు" అన్నారు పెద్దలు. మనుషులు మరిచినా, నీరు తన దారి మరిచిపోలేదు.

కనక చరిత్ర అంటే చచ్చిపోయినవాళ్ళ కథలు మాత్రమే కాదు. మీరు పడుకునే గదిలోకి నీళ్ళు వస్తాయా, రావా అన్నది కూడా చరిత్రే.

ఈ సెలవుల్లో మీరూ ఒక పని చెయ్యండి. మీ ఊళ్ళో పేరు చివర "చెరువు" అనో, "కుంట" అనో, "కట్ట" అనో ఉన్న పేటలు ఏమైనా ఉన్నాయేమో చూడండి. ఆ పేరు ఎందుకు వచ్చిందో తాతయ్యనో, అమ్మమ్మనో అడగండి. "ఈ వీధిలోకి ఎప్పుడైనా వరద వచ్చిందా? ఎంత ఎత్తు వచ్చింది? అప్పుడు మీరు ఎక్కడికి పోయారు?" అని కూడా అడగండి. వాళ్ళు చెప్పినదంతా సంవత్సరంతో సహా నోటుపుస్తకంలో రాసుకోండి. ఒక్కరి మాటే నమ్మక, మరొకరినీ అడిగి సరిచూసుకోండి. చరిత్ర రాసేవాళ్ళు చేసే పని కూడా అదే.

ఆ పుస్తకం జాగ్రత్తగా దాచండి. ఎప్పుడైనా మీ నాన్నగారు ఇంటిస్థలం కొనబోయేటప్పుడు, దాన్ని ఆయనకు చూపించవచ్చు.