మహానగర ప్రయాణము: ముందు చెల్లించిన బాడుగ

కృష్ణా దిగువ డెల్టాలో నేడు హైదరాబాదునందు బిడ్డయో, తోబుట్టువో, మేనల్లుడో లేని గృహము అరుదు. గుడివాడ ప్రాంతమున మాసూళ్ళు ముగిసి ధాన్యము మిల్లునకు తోలిన పిమ్మటను, బందరున కచ్చేరీలకు వేసవి సెలవులు వచ్చిన పిమ్మటను, పెద్దలు ఆవకాయ జాడీ యొకటి, అరిసెల డబ్బా యొకటి చేతబట్టి ఆ మహానగరమునకు బయలుదేరుట వాడుకయైనది. స్వగ్రామమున పదిమందికి దారి చెప్పగల పెద్దమనిషి అచ్చట రైలు దిగినది మొదలు తానే దారి యెఱుగనివాడగును. కుమారుడు కొలువు విడిచి రావలెను. లేదా మనుమరాలు ఫోనులో ఆటోను పిలువవలెను. గుడికి పోవలెనన్నను, వైద్యుని చూడవలెనన్నను ఒకరి తీరికకై కనిపెట్టుకొని యుండవలెను. నగరమున వృద్ధులను క్రుంగదీయునది జనసమ్మర్దము కాదు, ఈ పరాధీనతయే.

ఈ పరాధీనతను కొంతవఱకు తొలగించు సాధనము, చొక్కా జేబులో ఇముడునంతటి కార్డు. సొమ్ము అయిపోయినకొలది మరల నింపుకొనదగినది కావున దీనిని రీఛార్జి కార్డనియు, స్మార్ట్ కార్డనియు వ్యవహరించుచున్నారు. హైదరాబాదు మెట్రో రైలు 2017 నవంబరు 28వ తేదీన మియాపూరు, నాగోలు నడుమ ప్రారంభమై, మరునాడు ప్రజలకు తెఱువబడినప్పటి నుండియు ఈ పద్ధతి అచ్చట అమలునందున్నది. 2020 ఫిబ్రవరిలో జూబిలీ బస్సు స్టేషను నుండి మహాత్మాగాంధీ బస్సు స్టేషను వఱకు గల మార్గమును చేరుటతో, మూడు మార్గములు కలిసి సుమారు 69 కిలోమీటర్లు, 57 స్టేషనులు అయినవి. ప్రారంభమున 10 మొదలు 60 రూపాయల వఱకు నుండిన బాడుగ 2025 మే నెలలో హెచ్చింపబడి, ఆ పిమ్మట కొంత తగ్గింపబడి, మే 24 నుండి 11 మొదలు 69 రూపాయల వఱకు నిర్ణయమైనది.

ఈ కార్డు పనిచేయు తీరు మన ప్రాంతీయులకు సుబోధకము. 1855 నాటికి బెజవాడ వద్ద ఆనకట్ట పూర్తియైన పిమ్మట మన తాతలు పడవలపై బెజవాడకు ప్రయాణము చేసిన కాలువలపై లాకులుండెడివి. పడవ వచ్చి నిలిచిన తరువాతనే తలుపు తెఱచెడివారు. మెట్రో స్టేషనులోని ద్వారము గూడ అట్టి లాకే. కాపలాదారు మాత్రము మనిషి కాడు, యంత్రము. కార్డులోపల గోటికంటె చిన్నదైన చిప్పును, దానిచుట్టు సన్నని తీగ చుట్టును గలవు. దానికి సొంత బ్యాటరీ లేదు. ద్వారముపైనున్న యంత్రమునకు చేరువగా నుంచినపుడు ఆ యంత్రము వెలువరించు విద్యుదయస్కాంత శక్తియే తీగచుట్టు ద్వారా చిప్పును మేల్కొలుపును. లోనికి పోవునపుడు ఏ స్టేషనులో ప్రవేశించినదియు కార్డునందు వ్రాయబడును. వెలుపలికి వచ్చునపుడు దూరమునుబట్టి బాడుగ తీసివేయబడి, మిగులు ఎంతయో తెరపై కనిపించును. ఈ రెండు పనులును రెప్పపాటులో జరుగును.

గుడివాడ నుండి వచ్చిన యొక రైతు సికింద్రాబాదున రైలు దిగి కూకటుపల్లిలోని కుమార్తె యింటికి పోవలెననుకొందము. స్టేషను చేరువనే గల సికింద్రాబాద్ ఈస్ట్ మెట్రో స్టేషనులో కార్డు చూపి లోనికి పోయినచో, అమీర్‌పేటలో దిగి, వెలుపలికి రాకయే మియాపూరు బండి నెక్కి, కూకటుపల్లిలో దిగవచ్చును. ఆటోవానితో బేరము లేదు. చిల్లర వెదకుకొనుట లేదు. వరుసలో నిలువబడుట లేదు. దారి తప్పుదునను భయము లేదు. మొదటి నాడు మనుమడు వెంట వచ్చి చూపినచో చాలును. రెండవ నాడు తాత తానే పోయి రాగలడు. స్వేచ్ఛగా సంచరించుట మనుష్యుని గౌరవమున కొక యంగము. కావున ఈ కార్డును కేవలము యంత్రవిలాసమని త్రోసిపుచ్చుట న్యాయము కాదు.

అయితే ఈ మేలును ఒప్పుకొనుచునే, దీనివలన ఏర్పడుచున్న నూతన ఋణసంబంధమును విచారింపవలసియున్నది. మన గ్రామములలో కోమటి దుకాణమున పద్దు వ్రాయించుకొని సరుకు తెచ్చుకొనుట, పంట చేతికి వచ్చిన పిమ్మట చెల్లించుట పూర్వాచారము. అచ్చట ఋణదాత దుకాణదారు. రీఛార్జి కార్డునందు ఆ పద్దు తలక్రిందైనది. ప్రయాణము చేయకమున్నే ప్రయాణికుడు సొమ్ము కట్టుచున్నాడు. బండి నడుపు సంస్థ ఆ సొమ్మును పుచ్చుకొని, సేవను తరువాత చేయుచున్నది. అనగా బీదవాడును, విద్యార్థియు, ఫించనుపై బ్రతుకు వృద్ధుడును పెద్ద సంస్థకు వడ్డీలేని ఋణదాతలగుచున్నారు. ఒక్కొక్కని సొమ్ము స్వల్పమే. కాని లక్ష మంది కార్డులయందు తల కేబది రూపాయలు నిలిచియున్నచో, అది ఏబది లక్షల రూపాయలగును. పొలము బేరమాడి నూరు రూపాయలు బయానా యిచ్చినను చీటి వ్రాయించుకొను మనము, ఈ బయానాకు షరతులేమని యడుగకుండుట తగదు.

ఈ ప్రశ్నకు చట్టము కొంత సమాధానము నిచ్చుచున్నది. కొంత యిచ్చుట లేదు. 2007 నాటి చెల్లింపుల చట్టము ననుసరించి ముందుచెల్లింపు కార్డులపై రిజర్వు బ్యాంకునకు అధికారము గలదు. పలుచోట్ల చెల్లు కార్డును బ్యాంకు గాని సంస్థ జారీచేసినచో, ప్రజల సొమ్మును షెడ్యూల్డు వాణిజ్య బ్యాంకులో ప్రత్యేక ఖాతాయందు వేఱుగా నుంచవలెనని నిబంధన. కాని ఒక సంస్థ తన సేవలకు మాత్రమే చెల్లునట్లు ఇచ్చు కార్డునకు రిజర్వు బ్యాంకు అనుమతి అక్కరలేదు. అనగా ఒకే రైలునకు, ఒకే సంస్థకు కట్టుబడిన కార్డునందు ప్రయాణికుని సొమ్మునకు రక్షణ ఆ సంస్థ మర్యాద, ఆ సంస్థ వ్రాసుకొన్న షరతులును మాత్రమే. ఆ షరతులు సన్నని అక్షరములలో నుండును, చదువువారు అరుదు.

దీని ఫలిత మెట్లుండునో తెలియుట కొక యుదాహరణము. దివిసీమ వాస్తవ్యుడు, డెబ్బది యేండ్లు పైబడినవాడు, ఈ వ్యాసకర్తకు బంధువు, ఒక మహానగరమున కుమారునియింట కొంతకాల ముండి, కార్డునందు మూడువందల రూపాయలు నింపుకొని, అది ఖర్చు కాకమున్నే స్వగ్రామమునకు తిరిగి వచ్చెను. పిమ్మట సుమారు రెండేండ్లకు మరల ఆ నగరమునకు పోయి ద్వారమునొద్ద కార్డు చూపగా తలుపు తెఱుచుకొనలేదు. గడువు తీరినది, క్రొత్త కార్డు కొనుడు, పాత సొమ్ము సంగతి పై కార్యాలయమునకు వ్రాసికొనుడని కిటికీలోని యువకుడు మర్యాదగనే చెప్పెను. వృద్ధుడు తగవులాడలేదు. ఇల్లు చేరిన పిమ్మట మాతో నిట్లనెను: “కౌలు గడువు తీరితే పొలం ఒప్పజెప్పమంటారు గాని, పురిలో వడ్లు కూడా వదిలేసి పొమ్మంటారా అబ్బాయ్?” ఈ మాటకు ఏ న్యాయశాస్త్రవేత్తయు ఇంతకంటె స్పష్టమైన వ్యాఖ్య వ్రాయలేడు. కార్డు అరిగిపోవచ్చును, పాతబడవచ్చును. దానిలోని సొమ్ము అరుగదు, పాతబడదు.

ఇక రెండవ లోపము. బీగములు పెక్కులుండగా ఒక్క బీగమునకే పట్టు తాళపుచెవి వంటిది మెట్రోకు మాత్రమే చెల్లు కార్డు. హైదరాబాదున మెట్రో గలదు. 2003 నుండి ఎం.ఎం.టి.ఎస్. రైళ్ళు గలవు; అన్నిటికంటె పెద్దది ఆర్టీసీ బస్సుల సముదాయము. 2025 జనవరి 6వ తేదీన ప్రారంభమైన చర్లపల్లి నూతన టెర్మినల్‌లో రైలు దిగిన ప్రయాణికునికి మెట్రో స్టేషను చేరువలో లేదు. ముందు బస్సో, ఆటోయో పట్టవలెను. జేబులో మెట్రో కార్డు నిండుగా నున్నను మొదటి అడుగుననే అది నిరుపయోగము. రైల్వేవారు టిక్కెట్టు యంత్రములకై యిచ్చు కార్డు వేఱు, బస్సు పాసు వేఱు. మూడు చోట్ల మూడు బయానాలు!

స్త్రీల విషయమున మఱియొక చిక్కు గలదు. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుండియు, ఆంధ్రప్రదేశమున 2025 ఆగస్టు 15 నుండియు నిర్ణీత తరగతుల ఆర్టీసీ బస్సులలో స్త్రీలకు ఉచిత ప్రయాణము ఏర్పడినది. ఎంతయు శ్లాఘనీయము. కాని అది ఏ రాష్ట్రమువారికి ఆ రాష్ట్రముననే చెల్లును. అవనిగడ్డ నుండి విజయవాడకు రొక్కము లేకయే రాగలిగిన గృహిణి, హైదరాబాదు సిటీ బస్సులో ఆంధ్ర చిరునామాగల ఆధారు చూపినచో టిక్కెట్టు కొనకతప్పదు. కావున పుట్టినిల్లు దివిసీమయందును, బిడ్డల ఇల్లు భాగ్యనగరమునందును గల తల్లికి, అన్ని బండ్లయందు చెల్లు ఒక్క కార్డు ఉండవలసిన అగత్యము మిక్కుటము.

ఇతర దేశము లీ సమస్యను పరిష్కరింపలేదా? హాంగ్‌కాంగునందు 1997 సెప్టెంబరున ‘ఆక్టోపస్’ కార్డును ప్రవేశపెట్టిననాడే పెక్కు సంస్థలు ఏకమై, రైలునకు, బస్సునకు, రేవు దాటు పడవకు గూడ ఒక్క కార్డే చెల్లునట్లు చేసినవి. తరువాత అంగళ్ళలోను అది రొక్కముతో సమానమైనది. లండనున 2003లో ‘ఆయిస్టర్’ కార్డు వచ్చినది. దినమునకు బాడుగ ఇంతకు మించరాదను హద్దు నేర్పరచి, ఎన్నిమారులు తిరిగినను దానికి మించి తీయకుండునట్లు చేసినారు. 2014 నాటికి బ్యాంకు కార్డునే ద్వారమునొద్ద చూపి పోవు వీలును కల్పించినారు. అయినను అచ్చట వాడుక లేక మూలబడిన కార్డులలో కోట్లకొలది పౌనులు నిలిచియున్నవి. అడిగినవారికి తిరిగి యిచ్చు పద్ధతి గలదు గాని, అడుగువారు కొందఱే. సంపన్న దేశమున సయితము జాగ్రత్త లేనిచో చిల్లర సొమ్ము ఎట్లు పేరుకొనునో దీనివలన గ్రహింపవచ్చును.

మన దేశమునందును ప్రయత్నము లేకపోలేదు. దేశమంతట అన్ని వాహనములకు చెల్లునట్టి జాతీయ ప్రయాణ కార్డును 2019 మార్చి 4వ తేదీన అహమ్మదాబాదున ఆరంభించినారు. మన తెలుగువారు తరతరములుగా నివసించు చెన్నపట్టణమున 2023 ఏప్రిలు 14 నుండి ఆ తరహా కార్డును మెట్రోలో ప్రవేశపెట్టి, 2025 జనవరిలో నగర బస్సులకును విస్తరింపజేసినారు. 2024 ఫిబ్రవరిలో రిజర్వు బ్యాంకు, ప్రయాణములకు మాత్రమే వినియోగించు కార్డులను గుర్తింపు పత్రముల పరిశీలన లేకయే జారీచేయుటకు అనుమతించినది. నిలువ 3,000 రూపాయలకు మించరాదని హద్దు నిర్ణయించినది. అనగా మార్గము వేయబడియున్నది, నడచుటయే తడవు.

ఇంకొక మాట. కార్డు వచ్చినంతమాత్రమున రొక్కమును బహిష్కరింపరాదు. దివిసీమలో ఏటిమొగ నుండి ఎదురుమొండి దీవులకు పంటుపై దాటు కూలివాడు, పనికై నగరమునకు పోయినపుడు వానియొద్ద స్మార్ట్ ఫోను లేకపోవచ్చును, ముందుగా నింపుటకు నూరు రూపాయలు మిగులుగా నుండకపోవచ్చును. నాటి కూలి నాటికే ఖర్చగువాడు ముందు సొమ్ము కట్టలేడు. ముందు కట్టగలవానికి రాయితీయు, కట్టలేనివానికి పూర్తి బాడుగయు విధించుట కలవానికి తగ్గించి లేనివానిపై మోపుటయే. ప్రతి స్టేషనునందును మనిషి కూర్చున్న కిటికీ యొకటి యుండి తీరవలెను.

ఈ విచారణ హైదరాబాదు వారికే గాని మనకేల యని పాఠకులు తలంపరాదు. విజయవాడకును, విశాఖపట్టణమునకును మెట్రో రైలు తేవలెనని ప్రభుత్వము ప్రణాళికలు సిద్ధము చేయుచున్నది. ఆ బండ్లు నడచిననాడు బందరు, గుడివాడ, అవనిగడ్డల నుండి దినదినము విజయవాడకు పోవు విద్యార్థులు, వర్తకులు, రోగులు ఆ కార్డునే చేతబట్టవలసివచ్చును. కట్టడము పూర్తియైన పిమ్మట పునాది మార్చుట దుస్తరము. కావున ఇప్పుడే అడుగవలసినవి నాలుగు: పల్లెవెలుగు బస్సు మొదలు మెట్రో వఱకు ఒక్క కార్డే చెల్లవలెను, ప్రజల సొమ్ము సంస్థ సొమ్ముతో కలియక వేఱు ఖాతాలో నుండవలెను, కార్డు గడువు తీరినను మిగులు సొమ్ము అడిగిన దినముననే కిటికీయొద్దనే తిరిగి యీయవలెను, రొక్కమిచ్చువానికి ద్వారము మూయరాదు.

మన శాసనసభ్యులును, పురపాలక సంఘములును, వర్తక సంఘములును ఈ నాలుగింటిని తీర్మానరూపమున ప్రభుత్వమునకు పంపుట తక్షణ కర్తవ్యము. మూడువందల రూపాయలు పెద్ద సొమ్ము కాదు. కాని ఒక వృద్ధుడు దానిని నమ్మకముతో ముందుగా చెల్లించినాడు. ఆ నమ్మకమునకు జవాబుదారి ఎవరో తేలనంతవఱకు కార్డు ఎంత వేగముగా తలుపు తెఱచినను ప్రయోజనము సగమే.