విశ్వదాత నాగేశ్వరరావు పంతులుగారు

ధనము గడించుట యొక విద్య. దానిని సద్వినియోగము చేయుట మరియొక విద్య. మొదటిది నేర్చినవారు లోకమున పెక్కుమంది గలరు. రెండును నేర్చినవా రరుదు. అట్టి అరుదైన తెలుగువారిలో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు ముఖ్యులు. బాగేపల్లి, చింతామణి, చిక్కబళ్లాపురము ప్రాంతముల తెలుగు విద్యార్థులకు వారి చరిత్ర మఱింత దగ్గరిది. ఏలయన, పంతులుగారి భాషాసేవ తెలుగునాట గాక, పరభాషాప్రాంతమున మొదలయ్యెను.

పంతులుగారు 1867వ సంవత్సరము మే 1వ తేదీన కృష్ణా మండలమున జన్మించిరి. బందరులోని నోబుల్ కళాశాలలోను, పిదప చెన్నపట్టణపు క్రైస్తవ కళాశాలలోను చదివి పట్టభద్రులైరి. ఉద్యోగార్థము కలకత్తా చేరి, అచట మందుల తయారీని తెలిసికొని, తరువాత బొంబాయికి పోయిరి. 1893లో నచటనే 'అమృతాంజనము' అను తలనొప్పి మందును తయారుచేసి యమ్మకమునకు బెట్టిరి. పసుపువన్నె గల ఆ లేపనము నెఱుగని యిల్లు మన పల్లెలలో నేటికిని అరుదే.

క్రొత్త మందును జను లూరకనే నమ్మరు గదా! పంతులుగా రొక యుపాయము పన్నిరి. సంగీతసభలకు వచ్చినవారికి అమృతాంజనమును ఉచితముగా పంచిపెట్టించిరి. వాడి చూచి గుణము గనినవారు మఱల అంగడికి పోయి కొనిరి. చూచువారికది దుబారా, యోచించువారికది పెట్టుబడి. ఈ విధముగ వ్యాపారము దినదినాభివృద్ధి నొందెను.

ఇక వచ్చిన లాభము నేమిచేసిరో చూతము. 1907లో సూరతు నగరమున జరిగిన కాంగ్రెసు మహాసభకు పంతులుగారు పోయిరి. తెలుగువారికి దేశవార్తలు దెలుపు మంచి పత్రిక వలెనని వారికి దోచెను. మరుసటి యేడే, అనగా 1908లో, బొంబాయినుండి 'ఆంధ్రపత్రిక' వారపత్రికగా వెలువడెను. మరాఠీ, గుజరాతీ మాటలు వినబడు నగరమున తెలుగు అక్షరములు కూర్చి, అచ్చొత్తించి, దూరమున నున్న పాఠకులకు టపాలో పంపుట సామాన్యమైన పని గాదు. కాగితమునకు, కూలికి, టపాకు సొమ్ము ముందుగా పోవును. చందా లాలసించి వచ్చును. ఈ భారమును మోయుటకు మందు లాభము తోడ్పడెను. 1914లో పత్రిక చెన్నపట్టణమునకు తరలి దినపత్రిక యయ్యెను.

పిదప 1924లో 'భారతి' మాసపత్రికను, 1926లో 'ఆంధ్రగ్రంథమాల'ను స్థాపించిరి. మేము పొరుగు రాష్ట్రమున ఉపాధ్యాయశిక్షణ పొందుచున్న కాలమున, భారతి పాతసంచికలు మాకు రెండవ పాఠశాలయై యుండెను. గ్రంథమాలలో మంచి పుస్తకములు తక్కువ వెలకు లభించెను. పాల్కురికి సోమనాథుని బసవపురాణ మం దొకటి. కన్నడనాట వెలసిన బసవేశ్వరుని కథను తెలుగు కవి వ్రాయగా, భీమకవి 1369లో దానిని మఱల కన్నడమునకు దెచ్చెను. ఈ రెండు భాషల నడుమ నున్న మనకు ఇంతకంటె నిదర్శన మేమి వలయును?

ఆకలిగొన్నవానికి అన్నము పెట్టుట పుణ్యమే. కాని యా దానము నాటితో తీరును. చెరువు త్రవ్వించినవాని దానము తరతరములకు నిలుచును. వానకై యెదురుచూచు మన సీమవారికి ఈ భేదము విడమరచి చెప్ప నక్కరలేదు. పత్రిక, పుస్తకము, గ్రంథాలయము, ఇవి విద్యాక్షేత్రమునకు చెరువులు. వీనిని నిర్మించుటయందే పంతులుగారి సంపద యధికముగ వ్యయమయ్యెను. 'విశ్వదాత', 'దేశోద్ధారక' యని ప్రజలు వారిని కీర్తించిరి.

దేశసేవయందును వారు వెనుదీయలేదు. 1930లో ఉప్పు సత్యాగ్రహమున చెఱసాల కేగి, అచట భగవద్గీతకు వ్యాఖ్య రచించిరి. 1935లో ఆంధ్రవిశ్వకళాపరిషత్తు వారిని 'కళాప్రపూర్ణ' బిరుదముతో సత్కరించెను. కోస్తా, రాయలసీమ నాయకుల నడుమ 1937లో కుదిరిన శ్రీబాగు ఒడంబడిక వారి గృహమునందే జరిగెను. 1938 ఏప్రిల్ 11వ తేదీన పంతులుగారు పరమపదించిరి. వారి యల్లుడు శివలెంక శంభుప్రసాదుగారు పత్రికాభారము వహించిరి. ఆంధ్రపత్రిక 1991 వరకు నడచి నిలిచిపోయెను. అమృతాంజనము మాత్రము నేటికిని అంగళ్ల నమ్ముడగుచున్నది.

ఈ తుదిమాటను కొంచెము యోచింపవలెను. మందు కొనువారున్నంతకాలము మందు నిలుచును. అట్లే, చదువువారున్నంతకాలమే భాష నిలుచును. దాత చెరువు త్రవ్వింపగలడు. పూడిక తీయవలసినది ఊరివారే.

తలిదండ్రులారా! తెలుగు చదివిన పిల్లలకు బ్రదుకుతెరువు దొరకదేమో యని మీరు కలవరపడుట సహజము. కన్నడము మన రాష్ట్రభాష. దానిని మన పిల్లలు చక్కగ నేర్వవలెను. ఇంగ్లీషును నేర్వవలెను. పంతులుగారు ఇంగ్లీషున పట్టభద్రులై, పరభాషానగరమున జీవించి, ధనవంతులైరి. తెలుగును మాత్రము విడువలేదు. ఒక భాష నేర్చుటకు మరియొక దానిని మఱవ నక్కరలేదని వారి జీవితమే చెప్పుచున్నది.

విద్యార్థులారా! విశ్వదాత కాగల సంపద మనకు లేకపోవచ్చును. కాని పుట్టినరోజున పాఠశాల గ్రంథాలయమున కొక పుస్తక మీయవచ్చును. చదువురాని అవ్వకు రాత్రివేళ నొక కథ చదివి వినిపింపవచ్చును. తమ్మునికి, చెల్లెలికి అక్షరములు దిద్దింపవచ్చును. ఈ దానములకు ధనముతో పనిలేదు.