‘దిదర్‌వర్డ్’: అటా, ఇటా?

కింగ్ జేమ్స్ తర్జుమాను (1611), దానిని ఆధారము చేసికొని వ్రాసిన పాత వ్యాఖ్యానములను చదివే మన విద్యార్థులకు అడ్డుపడే మాటలలో ‘దిదర్‌వర్డ్’ ఒకటి. ఆ తర్జుమాలో ఇది మూడే చోట్ల కనబడుతుంది: న్యాయాధిపతులు 18:15, యిర్మీయా 50:5, రోమా 15:24. ఇక్కడ నర్సీపట్నంలో ఒక యౌవన సేవకుడు యిర్మీయా వచనమును బోధించుచు దీనికి ‘ముందుకు’ అని అర్థము చెప్పగా విన్నాను. ప్రసంగము బాగుగానే సాగినది గాని, వచనము చెప్పే సంగతి మాత్రము జారిపోయినది.

‘దిదర్’ అనగా అక్కడికి. ‘వర్డ్’ అనగా మన బైబిలులో తరచుగా వచ్చే ‘తట్టు’. కలిపితే అటుతట్టు, అటువైపు. పాత ఇంగ్లీషులో ఉండే చోటుకు, వెళ్లే దిక్కుకు, బయలుదేరిన చోటుకు వేర్వేరు మాటలుండేవి: దేర్, దిదర్, దెన్స్. నేటి వాడుకలో మొదటిదే మిగిలినది. మనమైతే అక్కడ, అటు, అక్కడనుండి అని రోజూ అంటూనే ఉన్నాము. ‘హిదర్’ అనగా ఇటు. హిందీ ‘ఇధర్’ వలె వినబడుట జ్ఞాపకముంచుకొనుటకు పనికివచ్చును. ఆ పోలికమీద ప్రసంగము కట్టవద్దు.

న్యాయాధిపతులలో చిక్కు లేదు. దానీయులు లేవీయుడైన యౌవనుని ఇంటివైపు తిరిగిరి, అంతే. రోమా పత్రికలో మాత్రము జాగ్రత్త అవసరము. అక్కడ ‘అటు’ అనగా రోమా కాదు, స్పెయిను. పౌలు రోమా సంఘమును చూచి, వారిచేత అటువైపు సాగనంపబడగోరుచున్నాడు. సాగనంపుటకు వాడిన గ్రీకు క్రియ ‘ప్రొపెంపో’. తీతు 3:13లోను అదే క్రియ. అక్కడ ప్రయాణికులకు ఏమియు తక్కువ కాకుండ చూడుమని చేర్చియున్నది. కనుక వీధి చివరవరకు వచ్చి వందనములు చెప్పుట మాత్రమే కాదు, దారి ఖర్చు కూడ అందులో ఉన్నది.

ఇక యిర్మీయా. ఇశ్రాయేలువారును యూదావారును ఏడ్చుచు సీయోను మార్గము అడుగుదురు. వారి ముఖములు ‘దిదర్‌వర్డ్’ ఉండును. హెబ్రీలో ఉన్న మాట ‘హేన్నా’. దాని అర్థము అటు కాదు, ఇటు! చింతపల్లిలో బస్సెక్కినవాడు “అటు వస్తున్నాను” అని ఫోను చేస్తాడు. నర్సీపట్నంలో ఎదురుచూచే మనము “ఇటు బయలుదేరాడు” అంటాము. బస్సు ఒకటే, ఘాటు రోడ్డు ఒకటే. మాట్లాడేవాడు నిలిచిన చోటే వేరు. ఇంగ్లీషు అనువాదకులు చెరలో ఉన్నవారి పక్షమున నిలిచి ‘అటు’ అన్నారు, అది తప్పు కాదు. యిర్మీయా అయితే బబులోనులో లేడు. 51:59–64 ప్రకారము సిద్కియా నాల్గవ యేట ఈ మాటలు గల గ్రంథమును శెరాయా చేతికిచ్చి బబులోనుకు పంపినవాడు అతడే.

అనగా ప్రవక్త సీయోనులో నిలిచి, దారి తెలియక అడుగుచు వచ్చువారి ముఖములను ఎదురుగా చూచుచున్నాడు. ‘అటు వెళ్లండి’ అని చెరలోనివారి వెనుక నిలిచి చెప్పుట వేరు, ‘ఇటు వచ్చుచున్నారు’ అని గుమ్మములో నిలిచి కనిపెట్టుట వేరు. దారి తప్పినవారిని గూర్చి ఈ వచనము బోధించునప్పుడు కాపరి ఎక్కడ నిలువవలెనో ‘హేన్నా’ తెలుపుచున్నది.