పాసుపుస్తకం చేతికొచ్చింది... పరపతి మాటేమిటి?

పేదవాడి గడపకు బ్యాంకును చేర్చాలన్న సంకల్పం మన దేశంలో కొత్తది కాదు. 1969 జులై 19న 14 పెద్ద బ్యాంకులను జాతీయం చేసినప్పుడు ప్రభుత్వం ప్రకటించిన ఆశయాల్లో అదొకటి. 1975 అక్టోబరు 2న తొలి ప్రాంతీయ గ్రామీణ బ్యాంకులు వెలిశాయి. పల్లెల్లో శాఖలు వేల సంఖ్యలో పెరిగాయి. అయినా హామీగా చూపేందుకు సెంటు భూమి లేని కూలీలు, కౌలు రైతులు, చేతివృత్తులవారు బ్యాంకు మెట్లెక్కడానికి జంకుతూనే వచ్చారు.

కారణాలు సుస్పష్టం. ఖాతా అయిదు వందలదైనా, అయిదు లక్షలదైనా దాన్ని నిర్వహించే గుమాస్తా శ్రమ దాదాపు ఒకటే. అందువల్ల చిన్న ఖాతా బ్యాంకుకు భారంగా తోచింది. పేదవాడికేమో బ్యాంకు పనంటే ఒక రోజు కూలి నష్టం. వడ్డీ వ్యాపారి అలా కాదు; వడ్డీ ఎంత గుంజినా అడిగిన వేళకు అప్పిస్తాడు.

ఈ చిక్కుముడిని విప్పడానికి నాబార్డు 1992లో 500 స్వయం సహాయక సంఘాలను బ్యాంకులతో అనుసంధానించే ప్రయోగం చేపట్టింది. ఆస్తి హామీకి బదులు సభ్యుల పొదుపు, పరస్పర విశ్వాసమే పూచీ అయ్యాయి. బంగ్లాదేశ్‌లో 1976లో జోబ్రా గ్రామంలో మొదలై, 1983లో బ్యాంకుగా రూపొందిన గ్రామీణ బ్యాంకు కూడా పేద మహిళలు అప్పు ఎగవేయరని నిరూపించింది.

అయితే అప్పు అందడమే మేలు కాదన్న గుణపాఠం ఆంధ్రప్రదేశ్‌లోనే ఎదురైంది. లాభాపేక్షతో విస్తరించిన సూక్ష్మరుణ సంస్థలు ఒకే కుటుంబానికి పోటీలు పడి అప్పులిచ్చి, వారం వారం వసూళ్ల ఒత్తిడి పెంచాయి. ఆత్మహత్యల వార్తలతో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం 2010 అక్టోబరులో ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. 2011లో రిజర్వు బ్యాంకు ఈ సంస్థలకు ప్రత్యేక నిబంధనలు విధించింది.

2014 ఆగస్టు 28న ఆరంభమైన జన్‌ధన్ యోజన ఖాతాల కొరతను చాలావరకు తీర్చింది. 2023 ఆగస్టు నాటికి ఖాతాలు 50 కోట్లు దాటాయి. సగానికి పైగా మహిళలవే. ప్రపంచబ్యాంకు సర్వే ప్రకారం ఖాతా ఉన్న వయోజనులు 2011లో 35 శాతం కాగా, 2017లో 80 శాతం. కానీ అదే సర్వేలో, 2017 నాటికి దాదాపు సగం ఖాతాల్లో ఏడాదిపాటు ఏ లావాదేవీ జరగలేదని తేలింది.

ప్రభుత్వ సాయం జమ కావడానికి ఖాతా చాలు. వైద్యానికో, విత్తనాలకో అత్యవసరంగా డబ్బు కావాలంటే మాత్రం ఖాతా ఒక్కటే చాలదు. జన్‌ధన్ ఖాతాపై 10,000 రూపాయల వరకు ఓవర్‌డ్రాఫ్టు సౌకర్యమున్నా, అంతకుముందు ఆరు నెలలు ఖాతా సక్రమంగా నడిచి ఉండాలి. నిలకడైన ఆదాయం లేనివారికి ఆ నియమమే అడ్డుగోడ. పేదల పొదుపును స్వీకరించిన బ్యాంకు వారి అవసరానికి అప్పు కూడా ఇవ్వగలిగిననాడే వడ్డీ వ్యాపారి వాకిలికి వెళ్లే దారి మూతపడుతుంది.